పూత మీద బేరం

వేప్పనపల్లి,
నవంబరు 10.

చేతిలో ఫోను లేని నేత్రకు మేనత్త మునెమ్మ రాస్తున్నది.

పందేలు కాసేవాళ్ళ భయానికి క్యాంపులో మీ ఫోన్లన్నీ తీసుకుని బీరువాలో పెట్టారటగా. మంచి పని చేశారు. నా చెవికి ఎట్లాగూ ఫోను వినపడదు. నువ్వు అరుస్తావు, నేను "ఏమే?" అంటాను, మన మాటలు ఊరంతా వింటుంది. ఇకమీద ఉత్తరాలు రాయి. బళ్ళో నువ్వు చదివింది అరవం. తెలుగు అక్షరాలు నేను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి దిద్దించాను. అవి మరిచిపోతే ఊరుకోను. రాసేటప్పుడు పుస్తకంలో ఉన్నట్టు రాయి, మాట్లాడేటప్పుడు మనలాగే మాట్లాడు.

కబడ్డీ వేలం గోపాలప్ప అంగట్లో టీవీలో చూశాను. నీ పేరు చదివారు. ఒకడు చెయ్యెత్తాడు, ఇంకొకడు ఎత్తాడు, ఆఖరికి ఇరవై రెండు లక్షల దగ్గర సుత్తి కొట్టారు. మూడు నెలల ఆటకు! అంగట్లో పిల్లలంతా ఈలలు వేశారు. గోపాలప్ప మాత్రం చక్కెర పొట్లం కడుతూ, "ముప్పై సెకండ్లు గుక్క పట్టి కూతకు పోతే ఇన్ని లచ్చలా మునెమ్మా? మా ఎద్దు దినమంతా దున్నినా దానికి గడ్డే కదమ్మా!" అన్నాడు. నేనూ నవ్వాను.

ఆదివారం భువన హోసూరు నుంచి వచ్చింది. నీ సంగతి చెబితే సంతోషపడింది. తర్వాత చెయ్యి కడుక్కుంటూ, "నా మరదలికి మూడు నెలలకు వచ్చేది, నాకు పదేండ్లు నిలబడితే వస్తాదిమా" అంది. ఏడుపు లేదు, ఈసడింపు లేదు. ఉన్న మాట చెప్పింది, అంతే. అందుకే గుచ్చుకుంది.

మిమ్మల్నిద్దరినీ ఒకే కంచంలో పెట్టి పెంచాను. మీ నాన్న లారీ జూజువాడి చెక్‌పోస్టు దాటితే మళ్ళీ నెలకు గానీ కనిపించడు. తల్లి లేని పిల్లవని నీకే ఒక ముద్ద ఎక్కువ పెట్టాను. అందుకే అడిగే హక్కు నాకుంది. నా కూతురు ఫ్యాక్టరీలో రోజూ పది గంటలు నిలబడి పని చేస్తుంది. నువ్వు ఆడతావు. నీకు అంత జీతం న్యాయమేనా? ఊరికే అవునంటే ఒప్పుకోను. కారణం రాయి.

మీ అత్త

హోసూరు, బాగలూరు రోడ్డు,
నవంబరు 21.

కొట్లాటకు కాలు దువ్వుతున్న మా అత్తకు, ఇరవై రెండు లక్షల కోడలు దండాలు పెట్టి రాసేది.

నీ ఉత్తరం చదివి మొదట కోపం వచ్చింది. తర్వాత నువ్వు కొంగు బిగించుకుని గోపాలప్ప అంగట్లో నిలబడి ఉన్నట్టు కనిపించి నవ్వొచ్చింది.

ముందు ఇక్కడి సంగతి. మా గదుల వెనక అంతా గులాబీ తోటలు. పొద్దున ఐదింటికి లేపుతారు. తిండి తూకం వేసి పెడతారు. పోయిన ఆదివారం భువన వదిన డబ్బా నిండా పితికిపప్పు కూర, రాగి సంగటి తెచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్, "బయట తిండి లోపలికి పోకూడదు" అన్నాడు. సరే, నేనే బయటికి వచ్చి రోడ్డు పక్కన నిలబడి మొత్తం తినేశాను. మర్నాడు తూకంలో ముప్పావు కిలో పెరిగానని తిట్లు తిన్నాను. అవీ అరిగిపోయాయి.

ఇక నీ ప్రశ్న. జనం టికెట్టు కొని వస్తున్నారు. టీవీ వాళ్ళు, ప్రకటనల కంపెనీల వాళ్ళు డబ్బు పోస్తున్నారు. మమ్మల్ని చూపించే కదా! ఆ డబ్బంతా టీము యజమాని జేబులోకే పోవాలా? ఆడినవాళ్ళకు రాకూడదా? గోపాలప్పను ఈ మాట అడుగు.

రెండోది. కృష్ణగిరి కోచింగులో నాతో కలిపి ముప్పై ఆరుగురం ఉన్నాం. లీగు దాకా వచ్చింది నేనొక్కదాన్ని. వాళ్ళు విరగ్గొట్టుకున్న చేతులూ, మానేసిన చదువులూ అన్నీ నా ధరలో ఉన్నాయి.

మూడోది, నీకు బాగా తెలిసేట్టు చెబుతాను. మామిడిచెట్టు యాభై ఏళ్ళు కాస్తుంది. నా కాలు ఆరేళ్ళు కాస్తుంది. ముప్పై దాటితే వేలంలో నాకోసం ఎవడూ చెయ్యెత్తడు. యాభై ఏళ్ళ కాపు ఆరేళ్ళలో కోసుకుంటున్నాను. ఇది న్యాయం కాకపోతే ఏది న్యాయం?

గెలిచానా లేదా? ఒప్పుకుని రాయి.

నేత్ర

వేప్పనపల్లి,
డిసెంబరు 14.

నోరుగల నేత్రకు,

గెలవలేదు. కూత బాగుంది, కానీ గీత తాకకుండానే వెనక్కి వచ్చావు.

ఓడిన ముప్పై ఐదుగురి కష్టం నీ ధరలో ఉందన్నావు. మరి వాళ్ళకు పంచావా? భువన ఆ ఉద్యోగానికి పోయిన రోజు నూట నలభై మంది ఆడపిల్లలు ఎండలో వరసకట్టి నిలబడ్డారు. తీసుకున్నది పన్నెండు మందిని. అది కూడా గెలుపే. దానికి సుత్తి కొట్టినవాడు లేడు. ఇప్పటికీ భువన కాంట్రాక్టు మనిషే. ఫ్యాక్టరీ లైనులో కూర్చోనివ్వరు. ఇంటికి రాగానే గోడకు ఆనుకుని కాళ్ళు పైకి పెట్టుకుని పడుకుంటుంది.

యజమాని జేబు సంగతి మాత్రం నువ్వు చెప్పింది నిజం. గోపాలప్పను అడిగాను. తల గోక్కున్నాడు.

మన మామిడితోటలో పూత మొదలైంది. గుత్తదారులు తిరుగుతున్నారు. మన పక్క పద్ధతి నీకు తెలిసిందే, కాయ పుట్టకముందే పూత చూసి మూడేళ్ళకు తోట ధర కట్టేస్తారు. ఆ పూత నిలబడుతుందో రాలిపోతుందో దేవుడికే తెలియదు. వేలంలో నిన్ను కొన్నప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. నిన్ను పూత మీద కొన్నారు నేత్రా.

ఇంకొక మాట. శనివారం ఆటలో రెండో సగం నువ్వు ఒక్క కూతకు కూడా పోలేదు. మోకాళ్ళ మీద తువాలు కప్పుకుని బెంచీ మీద కూర్చున్నావు. చలికి కప్పుకున్నదానిలా లేవు. ఎందుకు?

అత్త

హోసూరు,
డిసెంబరు 23.

అత్తకు,

ఏమీ లేదు. కోచ్ విశ్రాంతి ఇచ్చాడు. పెద్ద ఆటలకు ముందు అందరికీ ఇస్తారు.

నువ్వు అడిగింది నిజమే, ఆ ముప్పై ఐదుగురికి ఏమీ పంచలేదు. జవాబు ఆలోచిస్తున్నాను.

ఇక్కడ చలి ఎక్కువగా ఉంది. బాగున్నాను. భువన వదినను వచ్చే రెండు ఆదివారాలు రావద్దని చెప్పు, క్యాంపులో పని ఉంది.

నేత్ర

వేప్పనపల్లి,
జనవరి 4.

నేత్రా,

వేలికి ముల్లు గుచ్చుకున్నా పేజీ నిండా రాసేదానివి. నాలుగు ముక్కలు రాసి పంపితే నాకు అర్థం కాదనుకున్నావా? వద్దన్నావని భువన ఆగలేదు. ఆదివారం వచ్చి గేటు దగ్గర గంటసేపు నిలబడింది. నువ్వు గోడ పట్టుకుని నడిచి వచ్చావటగా. ప్యాంటు పైకి లాగి చూస్తే మోకాలు కొబ్బరి బోండం లాగా ఉందట. "అత్తకు చెప్పొద్దు వదినా" అన్నావట. అది నా కూతురు. దాని కడుపులో మాట దాగదు.

ఇప్పుడు నేను దాచింది చెబుతాను. కూర్చుని చదువు.

ఎనిమిదేళ్ళ కిందట కృష్ణగిరిలో నీకు కోచింగు సీటు వచ్చింది. ఫీజుకు, హాస్టలుకు చేతిలో చిల్లిగవ్వ లేదు. అప్పుడు శ్రీరంగప్ప తోట గుత్తకు అడిగాడు. మామూలు ధరకు మించి సగం ఎక్కువ ఇస్తానన్నాడు. ఒకటే షరతు, చెట్ల మొదట్లో పూత మందు పోసుకోనివ్వాలి. వేళ్ళ చుట్టూ గాడి తీసి నీళ్ళలో కలిపి పోస్తారు, పక్క తోటల్లో చూశావు కదా. అది పోస్తే చెట్టు పెరగడం మానేసి ఉన్న సత్తువంతా పూతకే పెడుతుంది. ఒకసారైతే తట్టుకుంటుంది. నీళ్ళు లేని నేలలో, లేత చెట్లకు, మూడేళ్ళు వరసగా పోస్తే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే సంతకం పెట్టాను.

మొదటి ఏడు కొమ్మ కనపడనంత పూత. పక్క ఊళ్ళ నుంచి చూడ్డానికి వచ్చారు. "నీ చెయ్యి బంగారమమ్మా" అన్నారు. నేను నోరు మూసుకున్నాను. గుత్త ముగిసి శ్రీరంగప్ప వెళ్ళిపోయాడు. నాలుగో ఏడు చిగురు ముడుచుకుపోయింది. పదకొండు చెట్లు నిలబడినచోటే ఎండిపోయాయి. నువ్వు సెలవులకు వచ్చి అడిగితే తెగులు వచ్చిందన్నాను. తెగులు కాదు, నేనే.

శ్రీరంగప్పను తిట్టను. మూడేళ్ళకు కొన్నవాడు మూడేళ్ళే చూస్తాడు. నాలుగో ఏడు చూడాల్సినదాన్ని నేను.

నీకోసం నా చెట్లకు మందు పోయించాను. నీ కాలికి కూడా పోయిస్తుంటే చూస్తూ కూర్చుంటానా? నొప్పి తెలియకుండా సూది వేసి ఆడిస్తారని భువన ఫ్యాక్టరీలో ఆడపిల్లలు అనుకుంటున్నారు. వేయించుకున్నావా, లేదా? ఆ ఒక్కటీ రాయి. అబద్ధం రాస్తే నా ఇంటి గడప తొక్కవద్దు.

మునెమ్మ

హోసూరు,
జనవరి 17.

అత్తా,

వేయించుకున్నాను.

నీ ఉత్తరం ఆఫీసులో పది రోజులు పడి ఉంది. సెమీఫైనలు అయిన మర్నాడు నా చేతికిచ్చారు. ముందే వచ్చి ఉంటే వేయించుకునేదాన్ని కాదని అనను. అబద్ధం రాయవద్దన్నావు.

సూది దిగిన పది నిమిషాలకు ఆ మోకాలు నాది కానట్టు అయిపోయింది. నొప్పి లేదు, భయం లేదు. పద్నాలుగు పాయింట్లు తెచ్చాను. జనం నా పేరు పెట్టి అరిచారు. మర్నాడు మంచం దిగలేకపోయాను. అప్పుడు నీ ఉత్తరంలో "కొమ్మ కనపడనంత పూత" అన్న మాట చదివాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు.

నీ చెట్ల కోసం కూడా ఏడ్చాను. ఆ పదకొండు చెట్లలో మూడింటికి నేనే నీళ్ళు మోశాను. ఎందుకు చెప్పలేదు నువ్వు? చెబితే నేను కోచింగుకు పోనని భయపడ్డావు కదా. పోయేదాన్ని కాదు.

ఇంకో నిజం కూడా రాస్తాను, నొచ్చుకోకు. సూది వేసేముందు మేనేజరు, "నీకు ఇరవై రెండు లచ్చలు ఎందుకిచ్చినామనుకున్నావు? నొప్పి ఓర్చుకునేదానికే" అన్నాడు. నాకు కోపం రాలేదు. నువ్వు అడిగిన ప్రశ్నే నా తలలో తిరుగుతోంది. న్యాయమేనా, న్యాయమేనా అని. న్యాయమని ఎట్లా చూపించాలో తెలియలేదు. కాలు చాచాను. నీ ప్రశ్న కూడా ఆ సూదిలో ఉంది అత్తా.

నిన్న ఎవరికీ చెప్పకుండా బయట డాక్టరుకు చూపించుకున్నాను. లోపలి నరం సగం తెగిందన్నాడు. దాన్ని లిగమెంటు అంటారు. ఇంకోసారి సూది మీద ఆడితే మిగిలిన సగం కూడా తెగుతుంది, తర్వాత ఆపరేషను చేసినా మళ్ళీ కూతకు పోలేవన్నాడు.

ఫైనలు ఇరవై ఐదున. సూది లేకుండా ఆడలేను. సూది వేయించుకోను. కాబట్టి ఆడను. ఈ మాట పొద్దున మేనేజరుకు చెప్పాను. జీతంలో చివరి వాయిదా రాదన్నాడు. ఆరు లక్షలు. వచ్చే ఏడు ఏ టీమూ నన్ను పిలవకుండా చూస్తానన్నాడు. చూడనీ.

అత్తా, ఇంక పుస్తకంలో మాదిరి రాయలేను. మనం మాట్లాడినట్టే రాస్తా ఉండాను. టీములో అంతమంది ముందర కుంటతా నిలబడుకొని చెప్పినాను. "నా కాలు నాకు గావాల సార్" అని చెప్పినాను.

నేత్ర

వేప్పనపల్లి,
జనవరి 29.

నా బిడ్డ నేత్రకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీ ప్రశ్న కూడా ఆ సూదిలో ఉందన్నావు. ఉంది. తప్పు నాది. తూకం వేయాల్సింది నిన్ను కాదు. ఒకే కంచంలో తిన్న పిల్లలిద్దరిలో ఒకదాని కడుపు నిండిందని దాన్ని నిలదీశాను. రెండోదాని ముద్ద ఎవడు తీశాడని అడగలేదు. పెద్దదాన్నైనా నన్ను క్షమించు.

ఫైనలు చూశాను. మీ వాళ్ళు రెండు పాయింట్లతో ఓడారు. కెమెరా మాటిమాటికీ నీ ముఖం మీదికే వచ్చింది. నువ్వు తల దించలేదు. గోపాలప్ప ఉండబట్టలేక, "అన్ని లచ్చలు తీసుకొని బెంచీ మీద కూర్చునే ఉండాది సూడు" అన్నాడు.

"గోపాలప్పా, మీ ఎద్దు కుంటితే దానికి నాగలి కడతావా?" అన్నాను.

"యాడన్నా కడతారా మునెమ్మా?"

"మరి నోరు మూసుకో."

మూసుకున్నాడు. వచ్చేటప్పుడు నీకని రెండు కిలోల బెల్లం ఇచ్చి డబ్బు తీసుకోలేదు.

నిన్న తోట గుత్తకు ఇచ్చాను. కృష్ణగిరి నుంచి యతీశ్ అనే కుర్ర వ్యాపారి వచ్చాడు. మిగిలిన ఇరవై తొమ్మిది చెట్ల పూత చూసి మంచి ధరే చెప్పాడు. కాగితం నేనే రాశాను. గుత్తదారుడు కాయ మాత్రమే కోసుకోవాలి. చెట్టు మొదట్లో ఏ మందూ పోయరాదు. పచ్చికొమ్మ నరకరాదు. గడువు ముగిశాక చెట్టును చెట్టుగానే అప్పగించాలి. చదివి, "ఇట్లయితే నాకు గిట్టదమ్మా" అని మూడో వంతు తగ్గించాడు. తగ్గించుకోమన్నాను. సంతకం పెట్టి వెళ్ళాడు.

నీ జీతం ఎక్కువో తక్కువో నేను తేల్చలేను. వాళ్ళు కొన్నది ఏమిటో, కొననిది ఏమిటో కాగితం మీద ఉండాలి. నాకు తెలిసింది అంతే. కాగితం నకలు ఇందులో పెడుతున్నాను. దాచుకో.

అత్త

కృష్ణగిరి,
మార్చి 8.

మా అత్తకు నేత్ర,

ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. పక్కన భువన వదిన ఉంది. ఫోను తిరిగి వచ్చింది, అయినా ఈ సంగతి ఫోనులో అరిచి చెప్పేది కాదు.

పాత టీము నన్ను వదిలేసింది. ఇంకొకరు పిలిచారు. తొమ్మిది లక్షలు, అది కూడా కాలు బాగయితేనే. వాళ్ళ కాగితం ఇరవై పేజీలు ఉంది. నేను నీ గుత్త కాగితం తీసి ముందు పెట్టాను. ఇందులో ఉన్నట్టు ఒక మాట మీ దాంట్లో చేర్చండి అన్నాను. నా ఒప్పుదల లేకుండా నా ఒంట్లోకి ఏ సూదీ దిగకూడదు, ఆడలేనని డాక్టరు రాస్తే ఆ రోజు జీతం కోయకూడదు అని. ఆ మేనేజరు చదివి నవ్వాడు.

"ఇదేమి మామిడితోట అగ్రిమెంటామ్మా?"

"అవును సార్. మా అత్త రాసింది. ఆట మీది, కాలు నాది."

రెండు రోజులు తిప్పించారు. ఎనిమిది లక్షలకు దింపారు. చేర్చారు. సంతకం పెట్టాను.

తర్వాత ఆపరేషను తేదీ కోసం ఈ రోజు కృష్ణగిరి వచ్చాను. వదిన తోడు వచ్చింది. మెట్లు ఎక్కుతుంటే నాలాగే తనూ మెట్టు మెట్టుకూ ఆగుతోంది. ఇదేంటని చూశాను. "పోమ్మే, నాకేమి? నిలబడి నిలబడి అట్లనే ఉంటాది" అంది. నేను వినలేదు. నా వంతు చీటీ మీదే తననూ లోపలికి లాక్కుపోయాను.

డాక్టరు ముందు నా మోకాలు చూశాడు. వచ్చే నెల చేద్దాం, ఆడగలవు అన్నాడు. తర్వాత వదిన కాలు చేతిలోకి తీసుకున్నాడు. వంచాడు, చాచాడు, చిప్ప మీద వేలితో నొక్కాడు. వదిన పళ్ళు బిగించింది. రెండో కాలు కూడా చూశాడు. ఎక్స్‌రే తీయించి వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. ఇరవై ఆరేళ్ళకే చిప్పల కింద ఇట్లా అరగడం ఆటగాళ్ళలోనే చూశానన్నాడు. ఆ తర్వాత అడిగాడు.

"నువ్వు ఏ ఆట ఆడతావమ్మా?"

వదిన నా ముఖం చూసింది. తర్వాత డాక్టరు ముఖం చూసింది.

"ఆట లేదు సార్. నిలబడతాను" అంది.

అత్తా, నువ్వు నవంబరులో అడిగిన దానికి జవాబు నాకు ఆ గదిలో దొరికింది. నా మోకాలికి కోచ్, ఫిజియో, ఇద్దరు డాక్టర్లు, కెమెరా. వదిన మోకాళ్ళను ఆరేళ్ళలో మొదటిసారి చూసింది ఈయన. నా ధర ఎక్కువ కాదు. నా కాలికి కట్టిన ధర చూశాం గానీ, వదిన కాలికి ధరే ఎందుకు కట్టలేదని మనమెవరమూ అడగలేదు.

బయటికి వచ్చాక వదిన ఈ బెంచీ మీద కూర్చుని కాళ్ళు చాచుకుంది. తర్వాత, "ఆ తోట కాగితం ఉండాది కదా, అది ఒక తూరి ఇయ్యి" అంది. ఇచ్చాను. ఇప్పుడు దాన్ని నా ఒళ్ళో పెట్టి, తన ఫ్యాక్టరీకి ఒక కాగితం నాచేత రాయిస్తోంది. లైనులో ప్రతి మనిషికీ ఒక స్టూలు కావాలని, రెండు గంటలకు ఒకసారి పది నిమిషాలు కూర్చోనివ్వాలని, కాలు వాస్తే ఆ రోజు కూలి కోయకూడదని. కింద సంతకాలకు గీతలు గీయమంది. ఎన్ని అని అడిగితే లైనులో ఉన్నవాళ్ళందరికీ, నూట నలభై అంది. సోమవారం మొదటి షిఫ్టుకు ముందు సూపర్‌వైజరు బల్ల మీద పెడుతుందట.

మొదటి గీత మీద తనే సంతకం పెట్టింది. రెండోది ఖాళీగా ఉంచమంది. అది నీకట, సాక్షి సంతకానికి. ఆదివారం పొద్దున మొదటి బస్సుకు వస్తున్నాం. పెన్ను దగ్గర పెట్టుకో.

నేత్ర